లినక్స్‌లో జీసీసీ వెర్షన్లు: చిక్కుముడి ఎక్కడ పడుతుంది?

పదేళ్లపాటు ఏ ఇబ్బందీ లేకుండా బిల్డ్ అవుతూ వచ్చిన సీ ప్రాజెక్టు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడు, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, వరుస ఎర్రర్లతో ఆగిపోవడం లినక్స్ మీద పనిచేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమే. కోడ్ మారలేదు గాని, దాన్ని చదివి యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ మారింది. లినక్స్‌లో మామూలుగా వాడే సీ, సీ++ కంపైలర్ పేరు జీసీసీ. ఉబుంటు 20.04తో జీసీసీ 9 వచ్చింది, 22.04తో 11, 24.04తో 13 వచ్చాయి. డెబియన్ 12లో జీసీసీ 12 ఉంటే, డెబియన్ 13లో 14 ఉంది. ఏ ప్రోగ్రామును అంగీకరించాలి, దేన్ని తిప్పికొట్టాలి అన్న తీర్పే ఈ అంకెలతో పాటు కొంచెం కొంచెంగా మారుతూ వస్తోంది.

ఆ మార్పులను కాస్త దగ్గరగా చూద్దాం. ఒక గ్లోబల్ వేరియబుల్‌ను ఎక్స్‌టర్న్ అన్న మాట లేకుండా హెడర్ ఫైలులో రాసి, ఆ హెడర్‌ను నాలుగు సీ ఫైళ్లలో చేర్చుకున్నామనుకోండి. జీసీసీ 9 వరకు ఆ నాలుగూ చడీచప్పుడు లేకుండా ఒకటిగా కలిసిపోయేవి; జీసీసీ 10 నుంచి అలా కలపడం ఆగిపోయింది కనుక, ఒకే పేరుకు ఒకటికి మించిన నిర్వచనాలు ఉన్నాయంటూ, విడివిడిగా కంపైలైన ముక్కలను ఒకే ప్రోగ్రాముగా అతికించే లింకర్ బిల్డ్‌ను ఆపేస్తుంది. జీసీసీ 11లో సీ++ డిఫాల్ట్ ప్రమాణం 14 నుంచి 17కు మారింది, దానితో ఫంక్షన్ పేరు పక్కన త్రో అని రాసి ఏయే ఎక్సెప్షన్లు రావచ్చో చెప్పే పాత పద్ధతి చెల్లకుండా పోయింది. జీసీసీ 13లో ప్రామాణిక హెడర్లు ఒకదాన్నొకటి తెచ్చుకోవడం తగ్గించుకున్నందువల్ల, పూర్ణాంకాల రకాలను ఇచ్చే సీఎస్‌టీడీఇంట్ హెడర్‌ను స్వయంగా చేర్చుకోని సీ++ ఫైళ్లు ఎన్నో ఒక్కసారిగా బయటపడ్డాయి. జీసీసీ 14 ఇంకొంత కఠినమైంది: ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే అంతకుముందు హెచ్చరికతో వదిలేసేది, ఇప్పుడు ఎర్రర్‌గా నిలిపేస్తుంది. ఇది మంచి మార్పేనని నా అభిప్రాయం. ప్రకటన లేని ఫంక్షన్ ఇంట్ విలువను ఇస్తుందని కంపైలర్ ఊహించుకునేది. ఆ ఫంక్షన్ నిజానికి పాయింటర్‌ను ఇచ్చేదైతే 64 బిట్ల చిరునామాలో సగం తెగిపోయి, ప్రోగ్రాము ఎక్కడో సంబంధం లేని చోట కూలిపోయేది. 2025లో వచ్చిన జీసీసీ 15లో సీ భాష డిఫాల్ట్ ప్రమాణం సీ23కి మారడంతో బూల్, ట్రూ, ఫాల్స్ అన్నవి భాష సొంత పదాలయ్యాయి. వాటిని తామే నిర్వచించుకున్న పాత ప్రోగ్రాములు ఇప్పుడు సవరణ అడుగుతున్నాయి.

కోడ్‌ను సరిదిద్దడమే అసలైన పరిష్కారమని ఎవరూ కాదనరు. అయితే ఆ కోడ్ మనది కాకపోవచ్చు, సరిదిద్దే వ్యవధి లేకపోవచ్చు, లేదా ఫలానా వెర్షన్‌తో బిల్డ్ చేసి పరీక్షించి ధ్రువీకరించిన ప్రాజెక్టు కావచ్చు. అప్పుడు ఒకే యంత్రంలో రెండు మూడు కంపైలర్లను పెట్టుకోక తప్పదు. ఈ పని తలనొప్పి అని పేరుపడింది గాని, తలనొప్పిలో ఎక్కువ భాగం రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్ల వస్తున్నదే. ఏ కంపైలర్‌తో బిల్డ్ చేయాలన్నది మొదటి ప్రశ్న. బిల్డ్ అయినది ఏ లైబ్రరీని పట్టుకుని నడుస్తుందన్నది రెండవది. మొదటిదానికి జవాబు ప్రాజెక్టు దగ్గర ఉంటుంది, రెండవదానికి జవాబు ఆ ప్రోగ్రాము నడవబోయే యంత్రం దగ్గర ఉంటుంది.

మొదటి ప్రశ్నతో ప్రారంభిద్దాం. జీసీసీ అన్న కమాండ్ స్వయంగా కంపైలర్ కాదు, పనిని పంచే మేస్త్రీ లాంటిది. సీ కోడ్‌ను అసెంబ్లీగా మార్చడానికి సీసీ1 అనే ప్రోగ్రామును, ఆ తరువాత అసెంబ్లర్‌ను, చివరకు లింకర్‌ను వరుసగా పిలవడం దాని పని. ఉబుంటు, డెబియన్‌లలో ఒక్కో వెర్షన్‌కు చెందిన సీసీ1, దాని సహాయక ఫైళ్లు, సీ++ హెడర్లు ఆ వెర్షన్ అంకె పేరుతో ఉన్న సొంత డైరెక్టరీలలో ఉంటాయి. కమాండ్ల పేర్లు కూడా జీసీసీ-9, జీసీసీ-11, జీసీసీ-12 అని విడివిడిగా ఉంటాయి. అంటే ప్యాకేజీలను తయారుచేసినవారు ఇవన్నీ పక్కపక్కన ఉండేలా ముందే ఏర్పాటు చేశారు, ఉబుంటు 22.04లో 9, 10, 11, 12 నాలుగింటినీ ఒకేసారి పెట్టుకున్నా ఒకదానికొకటి అడ్డురావు. అంకె లేని జీసీసీ అనే పేరు మాత్రం ఒక్కటే, అదొక సింబాలిక్ లింకు, అంటే అసలు ఫైలు వైపు చూపే పేరు మాత్రమే. గొడవ మొదలయ్యేది ఆ లింకు మీద చెయ్యి వేసినప్పుడే.

అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే కమాండ్‌తో జీసీసీ అన్న పేరు ఎటు చూపాలో మార్చుకోవచ్చని చెప్పే సలహా ఎక్కడ వెతికినా ముందుగా కనబడుతుంది. నేనూ ఒకప్పుడు అదే చేశాను. పాత ప్రాజెక్టు ఒకటి జీసీసీ 9 అడిగితే, 22.04 యంత్రంలో ఆ లింకును 9 వైపు తిప్పి, పని పూర్తిచేసుకుని, ఆ సంగతి మరచిపోయాను. కొన్ని వారాల తరువాత మామూలు అప్‌డేట్లలో భాగంగా కెర్నల్ 6.5 వచ్చింది. రీబూట్ చేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, తెర పెద్ద పెద్ద అక్షరాలతో తక్కువ రిజల్యూషన్‌లో తెరుచుకుంది. డ్రైవర్ మాడ్యూల్‌ను కొత్త కెర్నల్ కోసం మళ్లీ బిల్డ్ చేయాల్సిన డీకేఎంఎస్ లాగ్ ఫైలును తెరిస్తే, స్టాక్ మీది వేరియబుల్స్‌ను సున్నాతో నింపమని చెప్పే ఒక ఆప్షన్‌ను కంపైలర్ గుర్తుపట్టలేదని ఉంది. ఆ ఆప్షన్ జీసీసీ 12తో వచ్చింది. ఆ కెర్నల్‌ను జీసీసీ 12తోనే బిల్డ్ చేశారు కనుక దాని మాడ్యూళ్లకూ అదే ఆప్షన్ అందుతుంది, నా యంత్రంలో మాత్రం జీసీసీ అన్న పేరుకు పలికేది 9. కెర్నల్‌ను ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారో ప్రాక్ డైరెక్టరీలోని వెర్షన్ ఫైలులో రాసే ఉంటుంది, చూసే అలవాటు ఉండాలంతే. ఆ రోజు నుంచి సిస్టమ్ డిఫాల్ట్ కంపైలర్‌ను నేను ముట్టుకోలేదు. ఆ పేరును నమ్ముకున్న పనులు మనకు కనబడేవాటికంటే చాలా ఎక్కువ. మనం ఒక ప్రాజెక్టు కోసం దాన్ని మారిస్తే మార్పు వాటన్నిటికీ వర్తిస్తుంది.

కాబట్టి ఎంపిక ప్రాజెక్టు స్థాయిలోనే జరగాలి. దానికి దశాబ్దాలుగా ఉన్న మార్గం సీసీ, సీఎక్స్ఎక్స్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: మొదటిది సీ కంపైలర్ పేరు, రెండవది సీ++ కంపైలర్ పేరు. రెండింటినీ కలిపే మార్చాలి. సీసీని 12కు మార్చి సీఎక్స్ఎక్స్‌ను వదిలేస్తే సగం ఫైళ్లు ఒక వెర్షన్‌తో, సగం ఇంకొక వెర్షన్‌తో బిల్డ్ అవుతాయి, ఎర్రర్ వెంటనే రాకపోవచ్చు కూడా. కాన్ఫిగర్ స్క్రిప్టు ఉన్న ప్రాజెక్టులకు ఈ రెండు పేర్లను ఆ స్క్రిప్టు వెంటే ఇస్తే, ఎంపిక అక్కడే నమోదవుతుంది. మేక్‌ఫైలులో రాసిన సూచనల ప్రకారం బిల్డ్ చేసే మేక్ విషయంలో ఒక మెలిక ఉంది: ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న విలువ మేక్ సొంత డిఫాల్ట్‌ను దాటుతుంది గాని, మేక్‌ఫైలు లోపల ఎవరైనా సీసీకి విలువ రాసి ఉంటే దాన్ని దాటలేదు. మేక్ కమాండ్ పక్కనే రాసిన విలువ మాత్రం రెండింటినీ దాటుతుంది. ఎక్స్‌పోర్ట్ చేశాను, అయినా పాత కంపైలరే నడుస్తోంది అని వాపోయేవారిలో చాలామంది సమస్య ఇదే. సుడోతో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి, ఎందుకంటే సుడో మామూలుగా మన ఎన్విరాన్‌మెంట్‌ను తుడిచేస్తుంది. ఆ దశలో ఏదైనా ఫైలు మళ్లీ కంపైల్ కావలసి వస్తే అది డిఫాల్ట్ కంపైలర్ చేతిలో పడుతుంది.

ప్రాజెక్టుకు బిల్డ్ సూచనలను తయారుచేసి ఇచ్చే సీమేక్ అనే సాధనం దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఆ రెండు వేరియబుల్స్‌ను సీమేక్ ఒక బిల్డ్ డైరెక్టరీలో మొదటిసారి నడిచినప్పుడే చదువుతుంది. ఎంచుకున్న కంపైలర్ పూర్తి చిరునామాను క్యాష్ ఫైలులో రాసుకుని, ఆ తరువాత ఎన్నిసార్లు నడిపినా దాన్నే వాడుతుంది. ఇది తప్పు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. హెడర్లు ఎక్కడున్నాయి, ఏ సౌకర్యాలు ఉన్నాయి, ఏ ఆప్షన్లు చెల్లుతాయి అని మొదటిసారి చేసిన పరీక్షలన్నీ ఆ కంపైలర్‌కు సంబంధించినవే కాబట్టి, మధ్యలో కంపైలర్‌ను మారిస్తే ఆ ఫలితాలకు విలువ ఉండదు. అందువల్ల ఒక్కో కంపైలర్‌కు ఒక్కో బిల్డ్ డైరెక్టరీ పెట్టుకోవడమే సరైన పద్ధతి. బిల్డ్-జీసీసీ11, బిల్డ్-జీసీసీ13 అని రెండు ఉంటే ఒకే సోర్స్‌ను రెండింటితో పరీక్షించవచ్చు, ఏది ఎక్కడ తయారైందో అనుమానమూ ఉండదు. పాత డైరెక్టరీనే వాడుకోవాలంటే, సీమేక్ 3.24 నుంచి ఉన్న ఫ్రెష్ అనే ఆప్షన్ ఆ క్యాష్‌ను తీసేసి మొదటి నుంచి కాన్ఫిగర్ చేస్తుంది. బృందంగా పనిచేసేచోట ఈ ఎంపికను టూల్‌చైన్ ఫైలులోనో ప్రీసెట్స్ ఫైలులోనో రాసి సోర్స్‌తో పాటే భద్రపరిస్తే, కొత్తగా చేరినవారు ఎవరినీ అడగనక్కరలేదు.

మొదటి ప్రశ్న ఇంతే. సాధనాలు ఉన్నాయి, నియమాలు స్పష్టంగా ఉన్నాయి. రెండవది ఇంత సులువుగా లొంగదు.

జీసీసీ 12తో సీ++ ప్రోగ్రామును బిల్డ్ చేసి, ఉబుంటు 20.04 ఉన్న ఇంకో యంత్రానికి తీసుకెళ్లి నడిపితే, లిబ్‌స్టడ్‌సీ++ ఫైలులో జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.30 కనిపించలేదని చెప్పి ఆగిపోవచ్చు. లిబ్‌స్టడ్‌సీ++ అంటే స్ట్రింగ్, వెక్టర్, ఎక్సెప్షన్ల వంటి సీ++ ప్రామాణిక సౌకర్యాల అమలు ఉన్న షేర్డ్ లైబ్రరీ. 2004లో వచ్చిన జీసీసీ 3.4 నుంచి నేటి వరకు దాని పేరు చివర ఉన్న 6 అనే అంకె మారలేదు. పేరు మార్చకుండా, కొత్తగా చేర్చిన ప్రతి సింబల్‌కూ, అంటే ఫంక్షన్ వంటివాటి పేరుకూ, జీలిబ్‌సీఎక్స్ఎక్స్ అనే తరం గుర్తు తగిలిస్తూ వచ్చారు: జీసీసీ 5లో చేర్చినవాటికి 3.4.21, జీసీసీ 11లో చేర్చినవాటికి 3.4.29, జీసీసీ 12లో చేర్చినవాటికి 3.4.30. కొత్త లైబ్రరీలో పాత గుర్తులన్నీ ఉంటాయి కనుక పాత ప్రోగ్రాములు దానిమీద నడుస్తాయి. పాత లైబ్రరీలో కొత్త గుర్తులు ఉండవు కనుక వాటిని వాడిన కొత్త ప్రోగ్రాము దానిమీద నడవదు. ఒక వైపుకే తెరుచుకునే తలుపు లాంటి ఏర్పాటు ఇది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డెబియన్, ఉబుంటులలో కంపైలర్లు ఎన్ని ఉన్నా, నడిచేటప్పుడు వాడే లిబ్‌స్టడ్‌సీ++ ప్యాకేజీ ఒక్కటే ఉంటుంది, అదీ ఆ విడుదలలో ఉన్న అతి కొత్త జీసీసీ నుంచి వచ్చినది. ఉబుంటు 22.04లో డిఫాల్ట్ కంపైలర్ 11 అయినా, ఆ లైబ్రరీ మాత్రం 12 సోర్స్ నుంచి తయారైనదే. అందుకే ఆ యంత్రంలో 9తో బిల్డ్ చేసినదీ 12తో బిల్డ్ చేసినదీ రెండూ నడుస్తాయి. ఇదే కారణంగా, కొత్త కంపైలర్ కోసం ఉబుంటు టూల్‌చైన్ పీపీఏను (ఉబుంటు అధికారిక ప్యాకేజీలకు బయట ఉన్న అదనపు ప్యాకేజీల భాండారాన్ని) చేర్చుకున్నప్పుడు మనం అడిగింది కంపైలర్ ఒక్కటే అయినా, సిస్టమ్ మొత్తం వాడుకునే లిబ్‌స్టడ్‌సీ++ కూడా కొత్తది వచ్చి కూర్చుంటుంది. మన యంత్రంలో అంతా బాగానే ఉంటుంది. బిల్డ్ చేసినదాన్ని పీపీఏ లేని యంత్రానికి పంపినప్పుడు మాత్రమే తేడా తెలుస్తుంది.

సోర్స్ నుంచి స్వయంగా బిల్డ్ చేసుకుని ఆప్ట్ డైరెక్టరీలో పెట్టుకునే జీసీసీకి ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. బిల్డ్ చేయడం కష్టం కాదు: జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ అనే గణిత లైబ్రరీలను తెచ్చే స్క్రిప్టు సోర్స్‌లోనే ఉంది, సోర్స్‌కు బయట వేరే డైరెక్టరీలో కాన్ఫిగర్ చేయాలి, ఆ తరువాత ఓపిక పట్టాలి. కంపైలర్ తనను తాను మూడు దశల్లో కంపైల్ చేసుకుని, చివరి రెండు దశల ఫలితాలను పోల్చి చూసుకుంటుంది కనుక సమయం పడుతుంది. అలా వచ్చిన కంపైలర్ తన కొత్త లిబ్‌స్టడ్‌సీ++ను తన డైరెక్టరీలోనే ఉంచుకుంటుంది; లింక్ చేసేటప్పుడు దాన్నే చూస్తుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు మాత్రం సిస్టమ్ లోడర్‌కు ఆ చోటు తెలియదు కనుక పాత లైబ్రరీని తెచ్చి పెడుతుంది. బిల్డ్ ఏ లోపమూ లేకుండా పూర్తయి, నడిపిన మొదటి క్షణంలోనే ప్రోగ్రాము ఆగిపోవడానికి కారణం ఇదే.

దీనికి ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్ వాడమని చెప్పేవారు ఎక్కువ. తాత్కాలిక పరీక్షకు తప్ప నేను దాన్ని సమర్థించను, ఎందుకంటే ఆ షెల్ నుంచి మొదలైన ప్రతి ప్రోగ్రాముకూ అది వర్తిస్తుంది. రెండేళ్ల తరువాత సిస్టమ్ లైబ్రరీ ముందుకు వెళ్లిపోయి, ఆ వేరియబుల్ చూపే లైబ్రరీ పాతదై మిగిలితే, సంబంధం లేని ప్రోగ్రాములు ఒక్కొక్కటిగా ఆగిపోవడం మొదలవుతుంది. లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ ద్వారా లైబ్రరీ చోటును ఆ ప్రోగ్రాములోనే రాయడం మేలు, దాని ప్రభావం ఆ ప్రోగ్రాముకే పరిమితం. ప్రోగ్రామును ఇతర యంత్రాలకు పంపాలంటే లిబ్‌స్టడ్‌సీ++ను, లిబ్‌జీసీసీని స్టాటిక్‌గా కలిపేసే ఆప్షన్లు ఉన్నాయి. ఒక్కటే ఎగ్జిక్యూటబుల్ ఫైలు అయినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. ఒకే ప్రాసెస్‌లో కలిసి పనిచేసే షేర్డ్ లైబ్రరీలు ఒక్కొక్కటీ తన సొంత ప్రతిని మోసుకొస్తే మాత్రం, ఒకదానిలో పుట్టిన ఎక్సెప్షన్‌ను ఇంకొకటి పట్టుకోవలసిన సందర్భాల్లో చిక్కులు రావచ్చు.

ఈ విషయంలో రెడ్ హ్యాట్ ఇంజినీర్లు చేసిన ఏర్పాటును మెచ్చుకోకుండా ఉండలేను. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7తో (ఇకపై రెడ్ హ్యాట్ 7) వచ్చిన కంపైలర్ జీసీసీ 4.8. దానిమీద కొత్త సీ++ రాయదలచినవారికి డెవ్‌టూల్‌సెట్ అనే ప్యాకేజీలు ఇచ్చారు. 8 నుంచి వాటి పేరు జీసీసీ-టూల్‌సెట్. ఎస్‌సీఎల్ ఎనేబుల్ అన్న కమాండ్‌తో తెరిచిన షెల్‌లో మాత్రమే కొత్త కంపైలర్ పలుకుతుంది, బయట సిస్టమ్ ఎప్పటిలాగే ఉంటుంది. వీటిలో లిబ్‌స్టడ్‌సీ++ పేరుతో లింకర్‌కు కనబడేది లైబ్రరీ కాదు, ఒక చిన్న లింకర్ స్క్రిప్టు. సిస్టమ్‌లోని పాత లైబ్రరీలో ఏ సింబల్ ఉంటే దాన్ని అక్కడి నుంచి తీసుకోమని, లేనివాటిని మాత్రం స్టాటిక్‌గా ప్రోగ్రాములో కలిపేయమని ఆ స్క్రిప్టు చెబుతుంది. దానితో కొత్త కంపైలర్ తయారుచేసిన ప్రోగ్రాము ఏ అదనపు లైబ్రరీ లేని పాత యంత్రంలోనూ నడుస్తుంది. వేర్వేరు లినక్స్‌ల మీద నడిచే పైథాన్ వీల్స్ (ముందే బిల్డ్ చేసిన పైథాన్ ప్యాకేజీలు) కోసం రూపొందిన మెనీలినక్స్ 2014 ప్రమాణం, రెడ్ హ్యాట్ 7కు ఉచిత రూపమైన సెంటాస్ 7ను ఆధారం చేసుకోగలగడానికి ఈ ఉపాయం ఎంతో తోడ్పడింది.

అయితే ఆ ఉపాయం దాటలేని గోడ ఒకటి ఉంది, అది 2015 నాటి జీసీసీ 5తో లేచింది. అంతకుముందు సీ++ స్ట్రింగ్ కాపీలు ఒకే మెమరీని పంచుకుంటూ, ఎవరైనా మార్చినప్పుడే వేరుపడేవి. సీ++11 ప్రమాణం ఆ పద్ధతిని అనుమతించలేదు. స్ట్రింగ్ ఆకారమే మార్చవలసి రావడంతో, లైబ్రరీ పేరు మార్చే బదులు పాత స్ట్రింగ్‌నూ కొత్త స్ట్రింగ్‌నూ రెండింటినీ ఒకే లైబ్రరీలో ఉంచి, కొత్తదాని అంతర్గత పేరులో సీఎక్స్ఎక్స్11 అన్న ముద్ర వేశారు. ఏది వాడాలో కంపైల్ చేసేటప్పుడు విలువ ఇచ్చే ఒక మాక్రో నిర్ణయిస్తుంది. ఒక లైబ్రరీని పాత స్ట్రింగ్‌తో, దాన్ని వాడే ప్రోగ్రామును కొత్త స్ట్రింగ్‌తో బిల్డ్ చేస్తే, ఫంక్షన్ కళ్లముందే ఉన్నా లింకర్ దాన్ని కనుక్కోలేదు, ఎందుకంటే దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. నిర్వచనం దొరకలేదన్న ఎర్రర్‌లో సీఎక్స్ఎక్స్11 అన్న ముక్క కనబడిందంటే ముందుగా అనుమానించవలసింది ఇదే. రెడ్ హ్యాట్ 7 మీది డెవ్‌టూల్‌సెట్‌లో ఆ మాక్రోను మార్చినా ఫలితం ఉండదు, అక్కడ ఎప్పుడూ పాత స్ట్రింగే. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ అయిన పైటార్చ్ వీల్స్ చాలా ఏళ్లు పాత స్ట్రింగ్‌తోనే విడుదలయ్యాయి కనుక, వాటితో కలిసి పనిచేసే సీ++ ఎక్స్‌టెన్షన్లు రాసినవారికి ఈ ముద్ర బాగా పరిచయం. కంపైలర్ వెర్షన్ ఒకటే అయినా రెండు ఫైళ్లు కలవకపోవచ్చని, వెర్షన్లు వేరైనా మాక్రో ఒకటే అయితే కలవవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

జీలిబ్‌సీ అన్న పేరుతో ఎర్రర్ వస్తే అది వేరే సంగతి. పేర్లు దగ్గరగా ఉన్నందువల్ల పొరబడడం సహజం గాని, జీలిబ్‌సీ సీ భాషకు చెందిన మూల లైబ్రరీ, కంపైలర్‌తో రాదు, సిస్టమ్‌తో వస్తుంది. 22.04లో ఉన్నది 2.35, 20.04లో ఉన్నది 2.31. కంపైలర్‌ను ఎంత వెనక్కి మార్చినా ఇది మారదు. 22.04లో జీసీసీ 9తో బిల్డ్ చేసిన ప్రోగ్రాము కూడా 20.04లో నడవకపోవడానికి కారణం ఇదే. పాత యంత్రాలకు పంపవలసినదాన్ని ఆ పాత సిస్టమ్ ఉన్న కంటైనర్‌లోనే (యంత్రంలో విడిగా నడిచే చిన్న సిస్టమ్ లాంటిది), కావాలంటే కొత్త కంపైలర్‌తో, బిల్డ్ చేయడం తప్ప దీనికి నమ్మదగిన దారి నాకు కనబడలేదు.

జీసీసీ వెర్షన్ల మీద ఆధారపడే ఇతర సాధనాలూ ఉన్నాయి. జీసీసీకి పోటీగా ఉన్న ఇంకో కంపైలర్ క్లాంగ్, లినక్స్‌లో మామూలుగా జీసీసీ వారి సీ++ లైబ్రరీనే వాడుకుంటుంది, యంత్రంలో కనబడిన డైరెక్టరీలలో అతి పెద్ద అంకె ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఏదో ప్యాకేజీ వెంట జీసీసీ 12 డైరెక్టరీ వచ్చి, దాని సీ++ హెడర్ల ప్యాకేజీ రాకపోతే, నిన్నటిదాకా పనిచేసిన క్లాంగ్ ఈరోజు ఐఓస్ట్రీమ్ హెడరే లేదంటుంది. ఆ వెర్షన్‌కు చెందిన లిబ్‌స్టడ్‌సీ++ డెవలప్‌మెంట్ ప్యాకేజీని పెడితే సరిపోతుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల మీద నడిచే ప్రోగ్రాములు రాయడానికి వాడే సీయూడీఏ కంపైలర్ ఎన్‌వీసీసీ తన వెనుక ఉన్న జీసీసీకి ఒక గరిష్ఠ వెర్షన్‌ను నిర్ణయిస్తుంది, సీయూడీఏ 11.8కి అది జీసీసీ 11. సీసీబిన్ అనే ఆప్షన్‌తో దానికి మాత్రమే పాత కంపైలర్‌ను చూపవచ్చు, తనిఖీని బలవంతంగా దాటించే ఆప్షన్ కంటే అదే క్షేమం. ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైళ్లు, ఎల్‌టీఓతో (లింక్ చేసేటప్పుడు జరిగే ఆప్టిమైజేషన్‌తో) తయారైన ఆబ్జెక్టు ఫైళ్లు వెర్షన్ మారితే చెల్లకపోవచ్చు, వాటిని మళ్లీ తయారుచేసుకోవాలి. విశ్వవిద్యాలయాల సూపర్‌కంప్యూటర్ల మీద మాడ్యూల్ లోడ్ అన్న కమాండ్‌తో, స్పాక్ వంటి ప్యాకేజీ నిర్వహణ సాధనాలతో ఇదంతా చాలాకాలంగా క్రమబద్ధంగా సాగుతోంది.

ఇన్ని పొరలున్నప్పుడు చేతిలో ఉన్న ఫైలు ఏ కంపైలర్ తయారుచేసిందో తెలుసుకోవడం ఎలా? ప్రతి ఆబ్జెక్టు ఫైలులోనూ కామెంట్ అనే సెక్షన్‌లో జీసీసీ తన వెర్షన్ రాసి పెడుతుంది, రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌తో దాన్ని చూడవచ్చు. 22.04 యంత్రంలో జీసీసీ 9తో మాత్రమే బిల్డ్ చేసిన చిన్న ప్రోగ్రామును అలా తెరిస్తే, 9 పేరుతో పాటు 11 పేరూ కనబడుతుంది. సీసీ వేరియబుల్ పనిచేయలేదేమోనని మొదట భయపడతాం. ఆ 11 మన కోడ్‌ది కాదు. మెయిన్ ఫంక్షన్‌కు ముందు నడిచే చిన్న ప్రారంభ ఫైళ్లు జీలిబ్‌సీతో పాటు ముందే కంపైలై వస్తాయి, వాటిని ఉబుంటు వారు 11తో కంపైల్ చేశారు. లింకర్ వాటిని కలిపినప్పుడు వాటి కామెంట్లూ వచ్చి చేరతాయి. మన ఫైళ్లను మాత్రమే చూడాలంటే లింక్ కాకముందు ఉన్న ఆబ్జెక్టు ఫైలునే తెరవాలి, అక్కడ 9 ఒక్కటే ఉంటుంది.